ఎత్తేవాళ్ళ జాబితా

పోయినవారం శోభను జగిత్యాలలో, లాయరు రచన ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది, చేతిలో ఒక కాగితం పట్టుకుని. ఆ కాగితం దాకా ఎలా వచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

శోభది కథలాపూర్. భర్త దేవేందర్ మస్కట్ పోయి ఆరేళ్ళు. ఇంట్లో అత్త ఎల్లవ్వ, నాలుగో తరగతి చదివే కూతురు అమృత, ముగ్గురికీ కలిపి ఒక ఫోను. ఆ ఫోనుకు రోజూ ఇరవై ముప్పై సార్లు ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. మనుషులు కారు, ముందే రికార్డు చేసి పెట్టిన గొంతులు. లోను కావాలా అంటుంది ఒకటి, ప్లాటు కొంటారా అంటుంది ఇంకొకటి, మోకాళ్ళ నొప్పికి తైలం ఉందంటుంది మూడోది. వేరేవాళ్ళయితే తెలియని నంబరు చూసి పక్కన పడేస్తారు. శోభ అలా పడెయ్యలేదు. దేవేందర్ అక్కడ ఇంటర్నెట్ ఫోను కార్డు వేసి చేస్తే ఇక్కడ ఏ నంబరు పడుతుందో చేసేవాడికే తెలియదు. అందుకని ప్రతి ఫోనూ ఎత్తాల్సిందే.

పన్నెండు రోజుల కిందట, ఒక మంగళవారం, ప్రాణం విసిగి, తెలియని నంబర్లు మోగకుండా ఫోనులో ఏదో నొక్కి పొద్దంతా బీడీల చాట ముందు హాయిగా కూర్చుంది. సాయంత్రం చూస్తే ఇరవై ఏడు ఫోన్లు వచ్చి పోయి ఉన్నాయి. అన్నిటికీ తిరిగి చేసింది. ఒక్కదాంట్లోనూ మనిషి పలకలేదు. అప్పటినుంచీ దేవేందర్ ఫోను లేదు. అతని మస్కట్ నంబరు స్విచ్ఛాఫ్. ఆ ఇరవై ఏడింటిలో ఒకటి అతనిదేనని, ఏదో ఆపదలో చేస్తే తాను ఎత్తలేదని శోభ లోపల్లోపలే కుమిలిపోతోంది. ఈ గొంతులు ఎక్కడివో కనిపెట్టి ఆపించాలి, ఫోను ఖాళీగా ఉంచాలి, మళ్ళీ ఆయన చేస్తే మొదటి రింగుకే అందుకోవాలి. ఆమెకు కావలసింది ఇంతే.

రచన ఆ నంబర్లన్నీ రాయించి, అక్కరలేని ఫోన్ల మీద ఫిర్యాదులు తీసుకునే 1909కు ఫిర్యాదు పెట్టించింది. దానికి జవాబుగా వచ్చిందే ఈ కాగితం. ఫోను చేసిన కంపెనీ తప్పేమీ లేదట, వినియోగదారు సమ్మతి ఇచ్చాకే చేస్తోందట. కింద సమ్మతి ఇచ్చినవారి పేరు కూడా ఉంది. అమృత అమ్మ, కథలాపూర్.

"గిది నీ పేరు కాదు గదక్కా," అంది రచన, కోర్టు ఫైళ్ళు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంటూ. "కంప్యూటర్ల తప్పు పడ్డట్టుంది. గీ పేరు మీద మనిషే లేదు, సమ్మతి చెల్లదు అని రాసి పంపుదాం."

శోభ ఆ మాట వినిపించుకోలేదు. ఆమె ఇంకేదో గుర్తు చేసుకుంటోంది.

"ఫోన్ల గూడ గట్లనే పిలుస్తది మేడం."

"ఎట్ల?"

"'అమృత అమ్మ గారూ, నమస్కారం, మీకో శుభవార్త' అంటది గా గొంతు. ఊరంత నన్ను గట్లనే పిలుస్తరు, చెవులకు కొత్త అనిపియ్యలే. మా అత్త అయితే దాన్ని 'తిన్నవా బిడ్డా' అని అడుగుతది. నా కోడల్ని ఎరుకున్న పిల్ల అంటది."

రచనకు నవ్వొచ్చింది కానీ నవ్వు సగంలోనే ఆగింది. మిషను నోటికి పేరు ఊరికే రాదు, ఎవరో ఎక్కడో రాస్తేనే వస్తుంది. ఆధార్‌లో శోభ. రేషన్ కార్డులో శోభ. బ్యాంకులో, బీడీ కార్డులో, అమృత బడిలో, అన్నిట్లో శోభే. లోకంలో ఎక్కడుంది ఆమె పేరు అమృత అమ్మ అని, అదీ కాగితం మీద?

ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. దారిలో రచన చట్టం చెబుతూనే ఉంది. ఆమెకది అన్నం కన్నా ఇష్టమైన విషయం.

"సమ్మతి అంటే గట్ల కాదక్కా. ఏ కంపెనీకి, దేనికోసం ఇస్తున్నమో తెలిసి ఇస్తేనే సమ్మతి. ఇచ్చినంక గూడ వాపస్ తీసుకోవచ్చు. ఇంకోటి, గిసోంటి అమ్మకం ఫోన్లు మామూలు పది అంకెల నంబర్ల నుంచి చెయ్యద్దు. 140తోటి మొదలయ్యే నంబర్లున్నయి, గవి గందుకే పెట్టిండ్రు. నంబర్ చూడంగనే మనకు తెల్వాలె గద, ఎత్తాల్నా వద్దా అని."

"నాకు తెల్వదు మేడం. నేను అన్నీ ఎత్తుత."

"గదే వాళ్ళకు మంచిగైంది."

కోరుట్ల నుంచి వచ్చిన బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బస్సు పైన జాలీ బుట్టలో కోళ్ళు, పక్కన తాళ్ళతో బిగించిన పెద్ద అట్టపెట్టె. పెట్టె మీద నల్ల సిరాతో, అరచెయ్యంత అక్షరాలతో రాసి ఉంది: "రచన బాపు, సలాలా".

శోభ ఆ పెట్టెను చూసింది. రచన కూడా తన పేరు కనిపించి ఆగి చూసింది; గల్ఫులో ఉన్న ఎవరో ఇంకో రచన బాపుకు, అంటే నాన్నకు, పోయే పెట్టె. ఆ తరువాత శోభ ఒక్క మాటే అంది.

"కోరుట్ల పోవాలె మేడం. బాలరాజన్న దగ్గరికి."

బాలరాజు ఎవరో కోరుట్ల చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. గల్ఫుకు పోయేవాడి సామాను కట్టేది అతనే. ఊరి నుంచి ఎవరైనా మస్కట్ పోతున్నాడంటే ఆ ఊరి ఇళ్ళన్నీ తలా ఒక పొట్లం తెస్తాయి. మామిడికాయ తొక్కు, సకినాలు, గరిజలు, కారప్పొడి, డాక్టరు రాసిన మందులు. అవన్నీ ఒక కార్టన్‌లో సర్ది, కాంటా మీద తూచి, విమానంవాడు వేలెత్తి చూపకుండా టేపు చుట్టి, తాడు బిగించి, మీద పేర్లు రాసి ఇవ్వడం అతని పని. వచ్చే సామాను కూడా అక్కడికే వస్తుంది. చెవి వెనక మార్కరు పెన్ను లేకుండా బాలరాజును చూసినవాళ్ళు లేరు, నిద్రలో కూడా ఉంటుందేమో వాళ్ళావిడే చెప్పాలి.

రచన, శోభ వెళ్ళేసరికి దుకాణంలో ముత్యంపేట నుంచి వచ్చిన లస్మవ్వ అనే ఆవిడ నిలబడి ఉంది, కొంగు చాటున తొక్కు డబ్బా పట్టుకుని. బాలరాజు స్లిప్పు పుస్తకం తెరిచాడు.

"పిల్లల పేరేందవ్వా?"

"పెద్దోడు జీవన్."

బాలరాజు రాశాడు: ఎవరికి, జీవన్ బాపు. ఎవరు పంపింది, జీవన్ అమ్మ. తరువాత ఊరు, ఫోను నంబరు, ఏ వస్తువు. రాయడం బాగా వచ్చినవాళ్ళయితే స్లిప్పు తామే నింపుకుంటారు. లస్మవ్వ సంతకం పెట్టి, తొక్కు డబ్బా అప్పగించి వెళ్ళిపోయింది.

చూశారా, అతను మీ ఆయన పేరేమిటని అడగలేదు. ఎన్నడూ అడగడు. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా నలుగురిలో మొగుడి పేరు పలకడానికి ఈ వైపు చాలామంది ఆడవాళ్ళకు నోరు రాదు. ఒకప్పుడు సిగ్గు, ఇప్పుడు అలవాటు. మొదట్లో బాలరాజు అడిగేవాడు. వాళ్ళు నేల చూపులు చూస్తూ నిలబడేవాళ్ళు, వెనక వరుస పెరిగిపోయేది. అందుకని పిల్లల పేరు అడగడం మొదలుపెట్టాడు. దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. మస్కట్‌లో ఒక్కో గదిలో ఇద్దరేసి దేవేందర్లు ఉంటారు, అమృత బాపు మాత్రం ఒక్కడే. పొట్లాలు తారుమారు కావడం ఆగిపోయింది.

శోభ చేతిలోని కాగితం కాంటా మీద పెట్టింది.

"గీ పేరు నీ దగ్గర తప్ప నేను ఏడ రాయలే బాలరాజన్నా. గిది ఎట్ల బయటికి పోయింది?"

బాలరాజు కాగితం చూశాడు, రచన నల్లకోటు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"నాకేం ఎరుక చెల్లే. నేను కార్టన్ కట్టేటోన్ని. ఫోన్లు చేసేటోన్నా?"

"చేసినవ్ అంటలేను. ఎవలకిచ్చినవ్ అంటున్న."

"ఎవలకియ్యలే. నా బుక్కులు నా గల్లాల ఉంటయి."

"నా ఫోను దినాం ముప్పై సార్లు మోగుతున్నదన్నా. మా ఆయన ఫోను అందులనే ఏడనో మునిగిపోయింది. పన్నెండు దినాలైంది గా మనిషి గొంతు ఇని. నువ్వు అమ్ముకున్నవో, ఊకె ఇచ్చినవో, నాకు గదంత వద్దు. ఎవలకిచ్చినవో చెప్పు."

ఆమె గొంతు పెంచలేదు. బాలరాజుకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళకు ఊళ్ళు తొక్కు డబ్బాలు నమ్మి అప్పగించిన దుకాణం అతనిది. ఏదో గట్టిగా అనబోయాడు. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. చేతికి టేపు అంటుకుని ఉండటంతో మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"బాలరాజు కార్టన్ గారూ, నమస్కారం, మీకో శుభవార్త," అంది ఆడగొంతు.

"చూస్తున్నవా, నాకు గూడ అత్తయి," అన్నాడు బాలరాజు కాస్త గర్వంగా, తానూ బాధితుణ్ణే అని నిరూపణ అయినందుకు. "దినాం చేసి కార్టన్ గారూ అంటది. మా ఇంటామె నవ్వి సస్తది."

"నీ పేరు గట్ల ఏడ రాసిచ్చినవ్?" అని అడిగింది శోభ.

బాలరాజు స్లిప్పు పుస్తకం వైపు చూశాడు. టేపు చుట్ట చేతిలోంచి జారి కాంటా కిందికి దొర్లిపోయింది. అతను దాన్ని తీసుకోవడానికి వంగలేదు.

పోయిన ఎండాకాలం ప్యాంటులో చొక్కా దోపుకున్న ఒకాయన వచ్చాడట. తెల్ల కాగితాల మీద రాస్తే ఏం మర్యాదగా ఉంటుంది, నేను అచ్చు వేయించిన స్లిప్పు పుస్తకాలు ఇస్తానన్నాడట. పుణ్యానికి, పైసా తీసుకోకుండా ఇచ్చాడు. పైగా డబ్బా నిండా టేపు చుట్టలు కూడా. ఎలా నింపాలో చూపించడానికి మొదటి స్లిప్పు బాలరాజు చేతే రాయించాడు. పేరు దగ్గర అతను బాలరాజు అని రాసి, ఏ పనో తెలియాలి కదా అని పక్కనే కార్టన్ అని కూడా రాశాడు.

"దినాం సాయంత్రం స్లిప్పులు ఫోటో తీసి ఒక నంబర్‌కు పంపుమన్నడు. కంప్యూటర్ల ఎక్కిస్తే కార్టన్ ఏడ తప్పిపోయినా దొరుకుతదన్నడు. మంచిదే గదా అనుకున్న," అన్నాడు బాలరాజు. గొంతు సగానికి తగ్గింది.

రచన స్లిప్పు పుస్తకం అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. అన్నిటికన్నా అడుగున, సంతకం గీతకు కింద, చీమ కాళ్ళంత ఇంగ్లీషు అక్షరాలు రెండు వరుసలు. ఆమె వాటిని నెమ్మదిగా తెలుగు చేసి చదివింది. సంతకం చేసినవారు తమ నంబరుకు కంపెనీ గాని, కంపెనీ చెప్పిన ఇతరులు గాని అమ్మకాల కోసం ఎప్పుడైనా ఫోను చేయడానికి ఒప్పుకుంటున్నారు.

"గిది చెల్లదు," అంది. "తొక్కు పంపుతందుకు పెట్టిన సంతకం లోను ఫోన్లకు సమ్మతి ఎట్లయితది? అదీ చదువరాని భాషల, కండ్లకు ఆనని సైజుల. గీ పుస్తకం నాకియ్యన్నా. రేపు దీన్ని పెట్టే మల్ల ఫిర్యాదు రాస్త. కోర్టు దాక పోయినా గిదే సాక్ష్యం."

బాలరాజు పుస్తకం ఇచ్చాడు. గల్లాలోని మిగతావి కూడా తీసి ఇచ్చాడు. ఆ తరువాత శోభ వైపు చూడలేక కార్టన్ మీది పేర్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. జీవన్ బాపు, ఇంకా ఎందరో బాపులు. అన్నీ అతని చేతిరాతే.

"నేను ఇంగ్లీషు సదువుకోలే చెల్లే," అన్నాడు చివరికి. "పుణ్యానికి అచ్చింది గదా అని తీసుకున్న."

శోభకు అతని మీద కోపం ఉండాలి. ఉంది కూడా. కానీ ఆ పెద్ద మనిషి అలా తల వంచుకుంటే దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఫోటోలు పంపే నంబరు మాత్రం రాసి ఇమ్మంది. రాసి ఇచ్చాడు. సిరిసిల్లలో ఒక అమ్మాయి నంబరట, పేరు ప్రేమలత. ఎప్పుడూ చూడలేదు, పెట్టిన ఫోటోకు "అందింది అన్నా" అని జవాబు పెడుతుంది.

మర్నాడు రచనకు కోర్టుంది. శోభ ఒక్కతే సిరిసిల్ల బస్సెక్కింది. వేములవాడ దాటేదాకా ఫోను తొమ్మిదిసార్లు మోగింది. తొమ్మిదిసార్లూ ఎత్తింది. మీకో శుభవార్త అన్న ప్రతిసారీ కట్ చేసింది. పక్క సీటు ముసలాయన, ఇన్ని శుభవార్తలు వచ్చే ఇల్లు ఎంత పెద్దదో అన్నట్టు ఆమెను గౌరవంగా చూశాడు.

ప్రేమలత ఇల్లు సందు చివర. ముందు రేకుల షెడ్డులో నాలుగు సాంచెలు ఆడుతున్నాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. సందంతా అదే చప్పుడు, ఒక ఇంటిది ఆగితే ఇంకో ఇంటిది అందుకుంటుంది. అక్కడివాళ్ళు ఆ చప్పుడులోనే మాట్లాడుకుంటారు, పిల్లల్ని నిద్రపుచ్చుతారు. వెనక గదిలో కుట్టుమిషను బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ప్రేమలత కూర్చుని ఉంది. పాతికేళ్ళు ఉంటాయేమో. ఎవరో చెప్పులు విడిచి లోపలికి రావడం చూసి లేచి నిలబడింది.

"నేను కథలాపూర్ నుంచి అచ్చిన. బాలరాజన్న నంబర్ ఇచ్చిండు," అంది శోభ. ఎలా మొదలుపెట్టాలో బస్సులో ఎన్నో రకాలుగా అనుకుంది. తీరా వచ్చాక ఒక్కటే వచ్చింది. "నేను అమృత అమ్మను."

ప్రేమలత ముఖం విప్పారింది. భయపడుతుందని వచ్చిన శోభే కంగారు పడింది.

"కథలాపూర్ అమృత అమ్మనా? కూసో అక్కా. నీ చేతిరాత ఎంత ముద్దుగుంటదో. అందరు కోడిగీతలు గీకుతరు, నువ్వు గుండ్రంగ రాస్తవ్. రెండుసార్లు తొక్కు పంపినవ్, ఒకపారి గరిజలు. మొన్న మోకాళ్ళ పట్టీ పంపినవ్. అన్నకు మోకాళ్ళు తగ్గినయా?"

శోభ కూర్చుంది. ఎన్నడూ ముఖం చూడని మనిషి తన ఇంటి సంగతులు వరసగా అప్పజెబుతోంది. మోకాళ్ళ నొప్పి తైలం ఎందుకు తన ఫోనునే పట్టుకుని వేలాడుతోందో కూడా అప్పుడే తెలిసింది.

"నువ్వు రాసిందంత ఏడికి పోతదో నీకెర్కనా చెల్లె?"

ఎరుక లేదు. కార్గో పని అనుకుంది ప్రేమలత. ఫోటో చూసి పేరు, ఊరు, నంబరు, వస్తువు పట్టికలో ఎక్కించి పంపడం, అంతే. శోభ అంతా చెప్పింది. కాగితం చూపించింది. తన ఫోనులో ఆ పొద్దుటి తొమ్మిది నంబర్లు చూపించింది. ప్రేమలత వింటూ వింటూ గోడ వైపు తిరిగింది. తరువాత కంప్యూటరులో ఒక పట్టిక తెరిచింది.

"వారానికోపారి గిది వాపస్ పంపుతరక్కా. పని చెయ్యని నంబర్లు తీసెయ్యమని. నేను చివరి వరుస ఎందుకో ఎన్నడు ఆలోచన చెయ్యలే. సూడు."

పేరు, ఊరు, నంబరు, వస్తువు. అన్నిటికీ చివర ఒక నిలువు వరుస ఉంది. దాని తల మీద ఒకటే మాట: ఎత్తుతరు. కింద ప్రతి పేరు పక్కన నూటికి ఎన్నిసార్లు ఎత్తుతారో అంకె. తొంభై ఆరు, తొంభై ఎనిమిది, నూరు, నూరు.

"వేరే జిల్లాల లిస్టులు గూడ అత్తయి నాకు. ఏడ జూసినా పది, పన్నెండు. ఎత్తనోల్లను తీసేస్తరు. మన దిక్కు లిస్టుల ఒక్క పేరు గూడ తీసేయమని చెప్పలే. గీ లిస్టుకే గిరాకి ఎక్కువంట. నాకు గీ పని ఇచ్చిన సారు ఒకపారి ఫోన్ల అన్నడు, గీ ఆడోళ్ళు ఏ నంబరైనా ఎత్తుతరు అని."

శోభ ఆ అంకెలు ఒక్కొక్కటే చదివింది. మోగిన ప్రతిసారీ ఆయనేనేమో అని పరుగెత్తడం, పొయ్యి మీది పాలు వదిలెయ్యడం, బీడీల చాట తన్నుకుంటూ లేవడం. అదంతా ఎవరో లెక్కగట్టి పట్టికలో పెట్టారు. ఆమెకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏదీ సరిగా బయటికి రాలేదు.

"నాది ఎంతుంది?" అని అడిగింది.

"తొంభై ఏడు." ప్రేమలత వేలితో చూపించింది. "మంగళవారం ఒక్కరోజు ఎత్తలేనట్టుంది, గందుకే మూడు తగ్గింది. గా రోజు ఇరవై ఏడుసార్లు చేసిండ్రు, ఒక్కటి గూడ ఎత్తలే అని రాసి ఉంది."

"ఎన్ని?"

"ఇరవై ఏడు. అమ్మేటోల్లు ఎవలైనా ఫోన్లు చేసే మిషను ఒక్కటే అక్కా, అన్నీ గీ పట్టికలనే పడుతయి."

శోభ మళ్ళీ అడిగింది. ప్రేమలత మళ్ళీ అదే చెప్పింది. ఇరవై ఏడూ మిషనువే. పన్నెండు రోజులుగా ఆమె నిద్ర తిన్న ఆ ఫోను, తాను ఎత్తలేదని కుమిలిపోయిన ఆ ఒక్క ఫోను, అసలు రానే లేదు. ఆమె తప్పేమీ లేదు. గుండె మీది బండ దిగిపోవాలి, దిగింది కూడా. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వచ్చి అక్కడ కూర్చుంది. తాను ఎత్తకపోవడం కాదు, ఆయనే చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదు?

"నీ పేరు తీసేస్త అక్కా," అంది ప్రేమలత, కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళడిగితే నంబర్ పని చేస్తలేదని చెప్త. నా పని పోతే పోనీ."

వెతికే గడిలో అమృత అని కొట్టింది. పట్టికలోని వేల పేర్లు మాయమై రెండు వరుసలు మిగిలాయి. మొదటిది అమృత అమ్మ, కథలాపూర్. రెండోది అమృత బాపు, కథలాపూర్.

"గిదేంది?" అంది శోభ.

"గిది పంపే స్లిప్పు కాదు, అచ్చే సామాను స్లిప్పు. మస్కట్ నుంచి కార్గోల సామాను ఏస్తరు గద, వాపస్ అచ్చేటోల్లు. సామాను దుకాణానికి రాంగనే గీ నంబర్‌కు చెప్పాలె అని రాసిపోతరు." ప్రేమలత తేదీ చూసింది. "పోయిన సోమారం కాదు, గంతకు ముందటి సోమారం రాసింది. ఫోటో ఉంటది, ఆగు."

ఫోటో తెరుచుకుంది. అచ్చు స్లిప్పు, కార్బను నీలం. అడ్డంగా పడుకున్నట్టుండే పొడవాటి అక్షరాలు. ఆ చేతిరాతతో వచ్చిన ఒక ఉత్తరం శోభ పెట్టెలో చీర మడతల కింద ఇంకా ఉంది. ఎవరు రాశారని ఆమెను అడగాల్సిన పని లేదు. నంబరు మస్కట్‌ది కాదు, ఇక్కడిది, పది అంకెలది.

ఆ మంగళవారానికి ముందు రోజు దేవేందర్ కోరుట్లలో ఉన్నాడు. బాలరాజు దుకాణంలో, ఆ కాంటా పక్కనే నిలబడి ఈ స్లిప్పు రాశాడు. అక్కడి నుంచి ఇంటికి బస్సులో ముప్పావు గంట పట్టదు. అప్పుడు బాలరాజు దుకాణంలో లేడో, ఉండీ నిన్న చెప్పలేదో తెలియదు.

ప్రేమలత వేలు ఇంకా మీట మీదే ఉంది. "తీసెయ్యాల్నా అక్కా, రెండు?"

"ఆగు," అంది శోభ. "నీ ఫోను ఇయ్యి చెల్లె."

తన ఫోను ఒళ్ళోనే ఉంది. దాంతో చెయ్యడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తన నంబరు చూస్తే ఆయన ఎత్తడేమో అన్న ఆలోచన పదేళ్ళ కాపురంలో మొదటిసారి వచ్చింది. వచ్చినందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. ప్రేమలత ఫోనులో పది అంకెలూ నొక్కి చెవికి గట్టిగా ఆనించుకుంది. ఇంకో చెవిలో ముందు షెడ్డు సాంచెల చప్పుడు.

నాలుగో రింగుకు అవతల ఎత్తారు. ఈమె నోరు తెరిచేలోపే అవతలి గొంతు, అలసిపోయి, చిరాకు పడుతూ అందుకుంది.

"వద్దని ఎన్నిసార్లు చెప్పాలె మీకు? నాకు లోను వద్దు, ప్లాటు వద్దు. గీ నంబర్ నేను ఎవలకూ ఇయ్యలే, మా ఇంటిదానికే ఇయ్యలే. మీకు ఎవలిచ్చిండ్రు?"

ఫోను కట్ అయింది. దేవేందర్ గొంతే. శోభ ఫోను చెవి దగ్గరినుంచి తియ్యలేదు. ఆయన మాట్లాడినంతసేపూ ఆ చెవిలో కూడా సాంచెల చప్పుడు వినిపించింది, ఆయన వెనకనుంచి, చాలా దగ్గరగా. సాంచెలు ఆడేది మస్కట్‌లో కాదు, ఈ సిరిసిల్లలో.